మంచానికి ఒక్క ఏమో

గుడివాడ బస్సు కండక్టరు మా వీధి చివర టీ తాగి మళ్ళీ బస్సెక్కే మనిషి. నేను అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే ఆగి, "మామ్మగారూ, మీ డాక్టరమ్మ గారు నిన్న మధ్యాహ్నం వెళ్ళిపోయారండీ" అన్నాడు.

"ఇంటికా?" అన్నాను.

అతను భుజం మీది తోలుసంచి సర్దుకుని నేలకేసి చూశాడు. అప్పుడు తెలిసింది. తెలిశాక కూడా నా చెయ్యి ఆగలేదు. చేటలోంచి ఇంకో రెండు రాళ్ళు తీసి పక్కన పెట్టాను. ఇరవై ఏళ్ళు పైన ఆస్పత్రిలో పనిచేసినదాన్ని. వెళ్ళిపోయారనే మాటకి రెండు అర్థాలున్నాయని తెలిసినదాన్ని. అయినా నాకు కావలసిన అర్థమే ముందు తీసుకున్నాను. ఆవిడే ఉంటే, "చూశావా ఆయమ్మా, ఇచ్చేవాళ్ళు ఒకటిస్తారు, పుచ్చుకునేవాళ్ళు ఇంకోటి పుచ్చుకుంటారు" అని నవ్వేవారు.

నేను బందరులో ఒక ఆస్పత్రిలో, ఆడవాళ్ళ వార్డులో ఆయాగా చేశాను. ఆస్పత్రి పేరు రాయను. అక్కడింకా మనవాళ్ళున్నారు, నేను రాసినదానివల్ల వాళ్ళకేమైనా మాట వస్తుందేమోనని భయం. ఆవిడ పేరూ రాయను. ఎప్పుడూ పేరు పెట్టి అనలేదు, ఇప్పుడు మొదలుపెడితే నోరు తిరగదు. నేను చదివింది మిషను బడిలో మూడో తరగతి. మా మనవరాలు తప్పులు దిద్దుతానంది కాబట్టి ఈ మాత్రం ధైర్యం చేశాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ఆవిడ మా వార్డుకి వచ్చారు. డాక్టరు పరీక్ష ప్యాసయ్యాక, పని చేతికి పట్టుబడటానికి కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉండేవాళ్ళని హౌస్ సర్జన్లు అంటారు. మేము చిన్న డాక్టర్లు అనేవాళ్ళం. ఆవిడ చిన్న డాక్టరమ్మ గారు. తర్వాత పెద్ద డాక్టరయినా, జుట్టు నెరిసినా మా నోటికి ఆవిడ చిన్న డాక్టరమ్మ గారే. గుడివాడలో బడిపంతులు గారి అమ్మాయి. మనిషి పొట్టి. తెల్లకోటు మోకాళ్ళు దాటి చీర కుచ్చెళ్ళ మీదికి వచ్చేది.

వచ్చిన రోజే నన్ను పిలిచి, "ఆయమ్మా, ఈ వరసలో అందరూ మంచానికి తలవైపు కాళ్ళూ కాళ్ళవైపు తలా పెట్టుకుని పడుకున్నారేమిటి?" అని అడిగారు. పదేళ్ళుగా ఆ వార్డు తుడుస్తున్నాను, అలా పడుకుంటారని చూశాను గానీ ఎందుకని నాకు తోచలేదు. సాయంత్రానికి ఆవిడే కనుక్కున్నారు. అటు తల పెడితే కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. ఎవరైనా చూడటానికి వస్తున్నారేమోనని అటే చూస్తుంటారు. అదీ ఆవిడ తీరు. మందు సంగతి తర్వాత, ముందు ఎందుకన్నది తేలాలి.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. నాకు భయం ఎక్కువ. వీధి తలుపుకి గొళ్ళెం పెట్టి, పెట్టానో లేదోనని సందు మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషిని. వార్డులో ఎవరు దగ్గినా నా గుండె జారేది. హెడ్ సిస్టర్ గారు, "నీకు రోజుకొక ప్రళయం లేకపోతే అన్నం సయించదు ఆయమ్మా" అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వి, నోరు మూసుకోవడం నేర్చుకున్నాను.

అలా నోరు మూసుకున్న ఒక రోజు గురించే ఇదంతా.

ఘంటసాల నుంచి ఒక కోడలు పిల్ల పురిటికి వచ్చింది. ఏడో మంచం. మొదటి కాన్పులో పిల్ల దక్కలేదు. ఈసారి దక్కితే మోపిదేవి గుడికి తీసుకొస్తామని అత్తగారు మొక్కుకుంది. తెల్లవారుతుండగా ఆడపిల్ల పుట్టింది. అత్తగారు వార్డంతా తిరిగి చెప్పుకుంది. పదింటి నుంచి ఆ పిల్ల నన్ను మంచినీళ్ళు అడగడం మొదలుపెట్టింది. ఇచ్చాను. మళ్ళీ అడిగింది. ఇచ్చాను. అయిదోసారి గ్లాసు అందిస్తుంటే చూశాను, దుప్పటి కింద కాళ్ళు కుదురుగా ఉండటం లేదు, ఇటూ అటూ కదులుతూనే ఉన్నాయి. నాకు గుబులు పుట్టింది. కానీ నాకు దేనికి గుబులు పుట్టదు గనక. చెప్పలేదు.

మధ్యాహ్నం రెండింటికి డాక్టర్లు మారతారు. పొద్దుటి డ్యూటీ ఆయన కళ్ళద్దాల డాక్టరు గారు. ఆయన కూడా హౌస్ సర్జనే, మంచివాడు, ఆకలికి ఆగలేడు. మెస్సు మూసేస్తారని తొందర. చేతులు కడుక్కుంటూ చిన్న డాక్టరమ్మ గారికి చెప్పారు.

"మూడుకి జ్వరం. అయిదుకి కట్టు మార్చాలి. ఏడు పర్వాలేదు."

అంతే. తువ్వాలు కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయారు. ఆవిడ మూడో మంచం దగ్గరికి వెళ్ళారు, అయిదో మంచం దగ్గరికి వెళ్ళారు. పర్వాలేదన్న మంచం దగ్గరికి ముందెవరు వెళ్తారు?

మూడున్నరకి ఏడో మంచం అత్తగారు వచ్చి, "అమ్మా, మా అమ్మాయి చెయ్యి చల్లబడిందండీ. పిలిస్తే పలకటం లేదు" అంది. ఆ గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది. కేక లేదు, ఏడుపు లేదు, మామూలుగా చెప్పింది. తర్వాత అంతా పరుగులే. రక్తం కడుపులోనే నిలిచిపోతోందట, బయటికి కనిపించింది కొంచెమేనట. మంచం కాళ్ళవైపు ఎత్తడానికి ఇటుకలు కావాలన్నారు. పెరట్లోంచి ఇటుకలు మోసింది నేనే. మోస్తూ, నాకు పదింటికే తెలుసు, నాకు పదింటికే తెలుసు అనుకుంటూనే ఉన్నాను. వాళ్ళాయన రక్తం తీసి ఎక్కించారు. పొద్దుగూకే వేళకి నాడి చేతికి దొరికింది. బతికింది.

మర్నాడు ఆవిడ నన్ను పిలిపించారు. చీవాట్లకి సిద్ధపడి వెళ్ళాను. చెప్పులు విడిచి స్టూలు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, పెన్సిలు చివర కొరుకుతున్నారు.

"ఆయమ్మా, ఏడో మంచం సంగతి నీకెప్పుడు తెలుసు?"

"నాకేం తెలుసమ్మా, నేనేమన్నా డాక్టర్నా?"

"సరే, తెలియడం వద్దు. అనుమానం ఎప్పుడొచ్చింది?"

"పదింటికి."

"ఏం చూసి?"

"నీళ్ళు అడుగుతూనే ఉందమ్మా. కాళ్ళు కుదురుగా లేవు."

"మరి చెప్పలేదే?"

"నన్నెవరడిగారమ్మా? నాకు అన్నిటికీ అనుమానమే. రోజూ చెప్తే వినేదెవరు?"

కోప్పడతారనుకున్నాను. కాగితం మీద 'పదింటికి' అని రాసుకుని కింద గీత గీశారు. తర్వాత సిస్టర్ గారిని అడిగారు. గుడ్డలు మూడుసార్లు మార్చాల్సి వచ్చిందని సిస్టర్ గారికి తెలుసు. కళ్ళద్దాల డాక్టరు గారిని అడిగారు. నాడి కాస్త తొందరగా ఉందని ఆయనకి తెలుసు, కాన్పు బడలిక అనుకున్నారు. అత్తగారిని అడిగారు. మొదటి కాన్పులోనూ ఇలాగే ప్రాణం మీదికి వచ్చిందని ఆవిడకి తెలుసు.

"అన్నీ వార్డులోనే ఉన్నాయి ఆయమ్మా" అన్నారు నాతో. "నలుగురి దగ్గర నాలుగు ముక్కలు. నా చేతికి వచ్చింది మాత్రం ఒక్క మాట. మిగతావి దారిలో ఎక్కడ రాలిపోయాయి?" చెవిదిద్దు జారిపోయినవాళ్ళు నడిచిన దారంతా వెనక్కి వెతుక్కుంటూ వెళ్తారే, అలా వెతికారు.

కళ్ళద్దాల డాక్టరు గారికి మొహం మాడింది. "ఇదంతా నన్ను తప్పు పట్టడానికా అండీ?" అన్నారు.

"మీ చోట నేనుంటే నేనూ పర్వాలేదనే అనేదాన్నండీ. ఎందుకనేదాన్నో నాకు కావాలి" అన్నారు ఆవిడ.

ముందు ఒక పుస్తకం పెట్టించారు. డ్యూటీ దిగే డాక్టరు ప్రతి మంచం గురించీ రాయాలి, డ్యూటీ ఎక్కే డాక్టరు చదవాలి. వారం బాగానే జరిగింది. తర్వాత ఒకరోజు ఆ పుస్తకం తెచ్చి నాకు చూపించారు. పైన 'నిన్నటిలాగే ఉంది' అని ఒక వరస రాత, దాని కింద పేజీ చివరిదాకా రెండేసి చుక్కలు, చీమల బారులా.

"ఇవేమిటో తెలుసా? పైన రాసినట్టే అని గుర్తు. పదకొండో మంచం చూడు, నిన్నటిలాగే ఉందట."

"పదకొండు నిన్న పొద్దున్నే ఇంటికి వెళ్ళిపోయింది కదమ్మా. పరుపు ఎండలో వేశాను."

"అదే మరి. ఖాళీ మంచం కూడా నిన్నటిలాగే ఉంది." స్టూలు మీంచి పడతారేమో అన్నంతగా నవ్వారు. నవ్వి నవ్వి, "కాగితం ఎదురు ప్రశ్న వెయ్యదు ఆయమ్మా, దాంతో వచ్చింది చిక్కు" అన్నారు.

ఆ ఎండాకాలం మా అమ్మాయి పెళ్ళి. మాది దివిసీమలో కోడూరు దగ్గర పల్లె. ఆవిడ వస్తారని నేను అనుకోలేదు. బస్సు దిగి ఎండలో గొడుగేసుకుని వచ్చారు. మేము క్రైస్తవులం. చర్చిలో పెళ్ళయినా, ఇంటి దగ్గర అప్పగింతలు మానుకోలేదు. పాలగిన్నెలో పిల్ల చేతులు ముంచి అత్తమామల చేతుల్లో పెట్టడం మాకూ ఉంది. ఆ వేళకి అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడవడానికి తీరిక లేదు. వియ్యపురాలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"వదినగారూ, దీనికి ఆకలేస్తే అడగదు. తలనొప్పి అందంటే జ్వరం వస్తున్నట్టు. మాట్లాడకుండా కూర్చుంటే అలక అనుకునేరు, అది భయం."

"అలాగే వదినగారూ, మాకు వదిలెయ్యండి."

"అలాగే అంటే కుదరదు. నేనేం చెప్పానో చెప్పండి."

పందిరంతా నవ్వింది. మా ఆయన పక్కకి తిరిగి గొంతు సవరించుకున్నాడు. మరిదిగారొకాయన, "వదినా, పిల్లనిస్తున్నావా, పరీక్ష పెడుతున్నావా?" అన్నాడు. వియ్యపురాలు మంచి మనిషి. పిల్ల చేతులు పట్టుకునే చెప్పింది. "ఆకలి అడగదు. తలనొప్పంటే జ్వరం. మాట్లాడకపోతే భయం. సరేనా?"

నవ్వనివాళ్ళు చిన్న డాక్టరమ్మ గారు ఒక్కరే. పెన్సిలు లేక బొటనవేలి గోరు కొరుకుతున్నారు.

రెండోరోజు ఇద్దరం బందరు బస్సెక్కాం. మోపిదేవి దాటేదాకా ఆవిడ కిటికీలోంచి చూస్తూ గోరు కొరుకుతూనే ఉన్నారు. ఏం తప్పు జరిగిందో, భోజనం పడలేదేమోనని నాకు ఒకటే కంగారు. చివరికి నా వైపు తిరిగి, "మనం రోజూ రెండింటికి చెయ్యాల్సింది అప్పగింతలే కదా ఆయమ్మా" అన్నారు. "నువ్వు పిల్ల బాగుంటుంది అని చెప్పలేదు. దేనికి భయపడాలో చెప్పావు. చెప్పి ఊరుకోలేదు, ఆవిడ చేత అప్పజెప్పించుకున్నావు. మా నాన్న కూడా అంతే, పాఠం చెప్పాక ఏదీ అప్పజెప్పు అనేవారు. చెప్పినవాడికి తను చెప్పింది తెలుసు. విన్నవాడు ఏం విన్నాడో అప్పజెప్తేనే కదా తెలిసేది."

"పాలగిన్నె కూడా పెట్టమంటారా అమ్మా?" అన్నాను. బస్సులో అందరూ మా వైపు చూసేలా నవ్వారు.

అలా మొదలైంది. రెండు కొట్టగానే దిగే డాక్టరు, ఎక్కే డాక్టరు, సిస్టర్ గారు, నేను ఒక్కో మంచం దగ్గరికీ నడవాలి. దిగే ఆయన చెప్పాలి. ఎక్కే ఆయన అప్పజెప్పాలి. పర్వాలేదు అనే మాట వార్డులో ఎవరూ అనకూడదు. ఆ బదులు, ఈ మనిషికి ఏమవుతుందోనని నీ భయం, అది చెప్పాలి. రక్తం పోతుందేమో, మూర్ఛ వస్తుందేమో, పాలు పడవేమో. వస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. "పదో మంచం ఏమో ఏమిటి?" అని ఆవిడ అడిగితే కొత్తగా వచ్చిన డాక్టర్లు తెల్లబోయేవాళ్ళు.

వేళాకోళాలు చాలా అయ్యాయి. ఒక కుర్ర డాక్టరు తెల్లకోటు అంచుతో కళ్ళు తుడుచుకుంటూ, "వదినగారూ, మా నాలుగో మంచాన్ని కడుపులో పెట్టుకుని చూసుకోండి" అని దీర్ఘాలు తీసేవాడు. పెద్ద డాక్టరు గారు గడియారం చూపించి, "అరగంట దండగ చేస్తున్నావమ్మాయ్" అన్నారు.

"ఏడో మంచానికి ఇటుకలు పెట్టి, రక్తం ఎక్కించి, నాడి దొరికేదాకా ఎంతసేపు పట్టిందండీ?" అని అడిగారు ఆవిడ. ఎదురు చెప్పినట్టు లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. ఆయన తర్వాతి మంచం వైపు నడిచారు.

తప్పులూ జరిగాయి. భయాలన్నీ మంచం పక్కనే గట్టిగా చెప్పుకుంటుంటే, రెండో మంచం ముసలావిడ వినేసి, మూట కట్టుకుని ఇంటికి బయల్దేరింది. అప్పటినుంచి ఏమో చెప్పడానికి రెండడుగులు కిటికీ వైపు జరిగేవాళ్ళం. ఆ మార్పూ ఆవిడదే. ఒకటి పెట్టి చూడటం, చెడితే ఎందుకు చెడిందా అని కూర్చోవడం. సిగ్గుపడటం నేనెప్పుడూ చూడలేదు.

అసలు పెద్ద చిక్కు నాతోనే వచ్చింది. ప్రతి మంచం దగ్గరా ఆఖర్న నన్ను అడిగేవారు. వేలొకటి పైకెత్తి, "ఆయమ్మా, నీ ఏమో?" అని. ఇన్నేళ్ళు ఎవరూ అడగని మనిషిని అడిగితే ఏమవుతుంది? జ్వరం వస్తుందేమో, మంచం మీంచి పడుతుందేమో, వాళ్ళాయన రాడేమో, గాజు గ్లాసు పగిలి గుచ్చుకుంటుందేమో అని మొదలుపెట్టేదాన్ని. డాక్టర్లు తలలు పట్టుకునేవాళ్ళు. ఒకరోజు ఆవిడ నన్ను పక్కకి పిలిచారు.

"మంచానికి ఒక్క ఏమో ఆయమ్మా. ఒక్కటే."

"అన్నీ నిజంగానే భయంగా ఉన్నాయమ్మా."

"తెలుసు. వాటిలో పెద్దదేదో నువ్వే ఎంచు. నువ్వు ఎంచింది నేను తప్పకుండా వెళ్ళి చూస్తాను."

ఆ మాట నన్ను ఎంత మార్చిందో రాయడం నాకు చేతకాదు. అప్పటిదాకా భయాలు నా మీదికి ఈగల్లా ముసిరేవి, తోలుకోవడమే పని. ఆవిడ చెప్పాక ఒక్కోదాన్నీ పట్టుకుని చూడాల్సి వచ్చింది. నువ్వు పెద్దదానివా, నీ పక్కది పెద్దదా? దేన్ని చూసి పుట్టావు? అలా అడిగితే సగం భయాలకి జవాబే ఉండదు. మిగిలినదాన్ని మాత్రం చెప్పేదాన్ని. ఆవిడ వెళ్ళి చూసేవారు. తరచూ ఏమీ ఉండేది కాదు. "ఏమీ లేదు ఆయమ్మా, మంచిదేగా" అనేవారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఉన్నప్పుడు మాత్రం సిస్టర్ గారికి వినపడేలా, "ఆయమ్మ ఏమో నిజమైంది" అనేవారు.

ఏడో మంచం గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు. పదింటికే తెలిసి ఊరుకున్నానని ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు. ఘంటసాల పిల్ల మోపిదేవి వెళ్ళొస్తూ కూతుర్ని చంకనేసుకుని వార్డుకి వచ్చింది, నా చేతిలో ప్రసాదం పెట్టింది. తీసుకుని, ఆ పిల్ల అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

కొన్నేళ్ళకి ఆవిడ గుడివాడ వెళ్ళిపోయారు. నేను పని మానేశాను. పోయిన నెల, ఆవిడకి ఒంట్లో బాగాలేదని, ఆవిడ ఊళ్ళోనే ఆస్పత్రిలో పెట్టారని తెలిసి వెళ్ళాను. మనిషి దుప్పటి కింద చిన్నపిల్లలా ఉన్నారు. "ఎలా ఉందమ్మా?" అంటే, "పర్వాలేదు ఆయమ్మా" అన్నారు. నిషేధం పెట్టిన మనిషే ఆ మాట అన్నారు. తన మాట తనకే గుర్తొచ్చిందేమో, కళ్ళు మాత్రం నవ్వాయి.

రెండింటికి ఇద్దరు కుర్ర డాక్టర్లు వచ్చారు. ఒకతను చెప్పాడు, రెండో అతను అప్పజెప్పాడు. ఆ తర్వాత ఇద్దరూ రెండడుగులు కిటికీ వైపు జరిగారు. 

"ఇలా చెప్పుకోవడం మీకెవరు నేర్పారు బాబూ?" అన్నాను.

"మా కళ్ళద్దాల సారండీ, బందరు నుంచి వచ్చారు. ఇక్కడ పర్వాలేదు అంటే ఆయన భోజనానికి వెళ్ళనివ్వరు." తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "ఎందుకో తెలీదండీ, దీన్ని ఇక్కడ అప్పగింతలంటారు" అన్నాడు.

ఆవిడ కళ్ళు మూసుకునే వింటున్నారు. ఎందుకంటారో నేను చెప్పబోతే, చెప్పొద్దన్నట్టు తల చిన్నగా అడ్డంగా తిప్పారు.

వాళ్ళు పక్క మంచానికి కదులుతున్నారు. అప్పుడు ఆవిడ చెయ్యి దుప్పటి మీంచి లేచింది. ఒక్క వేలు. నా వైపు.

నా దగ్గర వంద ఉన్నాయి. మొహం పాలిపోయింది, ఊపిరి చిన్నదైంది, ఇంట్లో ఎవరున్నారు, ఈ కిటికీ గాలి పడుతుందా. ఒక్కటే ఎంచాలి. పొద్దుట నేను వచ్చేసరికి మంచం పక్కన గ్లాసు నిండా నీళ్ళున్నాయి. రెండు కొట్టాక కూడా గ్లాసు నిండుగానే ఉంది.

"బాబూ, ఒక్క నిమిషం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పొద్దుటి నుంచి గ్లాసులో నీళ్ళు తగ్గలేదు. అడిగితే తాగానంటున్నారు. మింగుడుపడటం లేదేమోనండీ."

ఆ కుర్రాడు వెనక్కి వచ్చాడు. గ్లాసు చూశాడు, ఆవిడని చూశాడు. "నీళ్ళు తగ్గలేదు. తాగానంటున్నారు. మింగుడుపడటం లేదేమో. ఇప్పుడే చూస్తానండీ" అని అప్పజెప్పాడు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. నా భయం నిజమే అయింది. ముక్కులోంచి గొట్టం వేశారు. ఆ తర్వాత ఆవిడ ఇంకా పదకొండు రోజులున్నారు.

నేను ఎంచింది పెద్దదేనా, ఇంకోటి చెప్పి ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేవారా అని రోజూ అనుకుంటూనే ఉంటాను. అలా అనుకోకుండా ఉండటం నా వల్ల కాదు. అనుకున్నప్పుడల్లా ఆ మధ్యాహ్నమే కళ్ళ ముందుకొస్తుంది. కుర్రాడు నా మాట అప్పజెప్తున్నాడు. ఒక్కో ముక్కా సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటున్నట్టు ఆవిడ వేలు అంతసేపూ గాల్లోనే ఉంది. చివరి ముక్క అయ్యాక, నెమ్మదిగా దుప్పటి మీదికి దిగింది.